కోతలక్క

కీబోర్డును బోర్లించి బల్లమీద తట్టగానే రొట్టె పొడి, ఒక వెంట్రుక, ఎవరో కొరికి పడేసిన గోరు ముక్క రాలాయి. గోరు తనది కాదు. కోతలక్క ఊపిరి బిగబట్టి, కాగితపు అంచుతో వాటిని బల్ల చివరిదాకా నెట్టి చెత్తబుట్టలో పడేసింది. దూది మీద స్పిరిటు ఒంపుకుని ఒక్కో మీటనీ తుడిచింది. మౌసును ఒకసారి తుడిచి, వాసన చూసి, మళ్ళీ తుడిచింది.

"పొద్దున్నే మొదలెట్టావా అక్కా?" అన్నాడు పక్క బల్ల దగ్గరి జలుబు, ముక్కు ఎగబీలుస్తూ. ఉద్యోగంలో చేరిననాటి నుంచి అతని జలుబు తగ్గలేదు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. "నిన్న నువ్వెళ్ళాక నీ సిస్టంలో ఒక ఫైలు తెరిచి చూశా, అంతే."

"చూస్తే చూశావు. గోళ్ళెందుకు కొరికావు?"

"ఆలోచిస్తుంటే అలవాటుగా నోట్లోకి వెళ్ళిపోతాయి."

ఆమె మరో దూది ముక్క తీసుకుంది. జలుబు నవ్వి, అదే నవ్వులోంచి తుమ్మాడు. తుంపర ఎంతదాకా వచ్చి ఉంటుందో ఆమె కంటితోనే కొలుచుకుని కుర్చీని అవతలికి జరుపుకుంది.

కోతలు కోయడమంటే లోకంలో గొప్పలు చెప్పుకోవడం. ఆ పని ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చేయలేదు. ఆమె కోసేది కంప్యూటర్లో బొమ్మల్ని. ఆ కార్ఖానాలో దుకాణాల ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బొమ్మలు, ప్రదర్శనల్లో పెట్టే ఏనుగులూ పడవలూ, కూడళ్ళలో నిలిపే విగ్రహాలూ తయారవుతాయి. శిల్పి ముందు మూరెడు మట్టిబొమ్మ చేసిస్తాడు. దాన్ని స్కాను చేస్తే కంప్యూటర్లో లోపలంతా గట్టిగా నిండిన ఒకే ఒక్క ముద్దగా వస్తుంది. వెనక షెడ్డులోని మిషను మంచంకన్నా పెద్ద ముక్కను చెక్కలేదు. అందుకని ఆ ముద్దను మిషనుకి పట్టేటంత ముక్కలుగా విడగొట్టాలి. ఏ ముక్క దేని పక్కన అతకాలో నంబరు వేయాలి. ముక్కలన్నీ థర్మోకోల్ లాంటి తెల్లటి నురుగు దిమ్మల్లో చెక్కి, జిగురుతో అతికి, పైన గట్టి పూత పూస్తే విగ్రహం. ఈ విడగొట్టే పని పాతికేళ్ళుగా ఆమెదే. మొదట్లో ఎవరో వేళాకోళానికి కోతలక్క అన్నారు. ఇప్పుడు ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

మనిషి సన్నగా, ఎండిన కొమ్మలా ఉంటుంది. నెరిసిన జుట్టును తలకి అతుక్కునేలా బిగించి ముడేస్తుంది. వేసవిలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా తొడుక్కుంటుంది. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగి ఉంటుంది. మౌసు పట్టుకుని పట్టుకుని అలా అయిందని అందరూ అనుకుంటారు. అడిగినవాళ్ళతో ఆమె కూడా అదే చెబుతుంది.

ఆమెకి రోత ఎక్కువ. నీళ్ళ మిషను కుళాయి చుట్టూ పేరుకున్న జిగట చూస్తే దాహం చచ్చిపోతుంది. మధ్యాహ్నం గది తలుపులు మూసి అందరూ డబ్బాలు విప్పితే, ఉడికిన గుడ్ల వాసనా మాటల మధ్య నమిలే చప్పుడూ భరించలేక మెట్ల మీద కూర్చుని తింటుంది. కరచాలనం చేయాల్సి వస్తే చేతిలో ఏదో ఒక కాగితం పట్టుకుంటుంది. చాదస్తం, పెళ్ళి కాకపోతే అంతే, అని వెనకాల అనుకుంటారు. ముందు కూడా ఒకటి రెండుసార్లు అన్నారు.

కంప్యూటరు తెరుచుకుంటూండగా చిన్నసారు స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. అతను కార్ఖానా యజమాని. నిరుడు తండ్రి పోయాక కుర్చీ ఎక్కాడు. మంచి బట్టలు, మంచి మాట, ఎప్పుడూ ఏదో ఒక సుగంధం.

"కోతలక్కా, నాన్న బొమ్మ వచ్చేసింది. సాయంత్రానికల్లా ముక్కలు మిషను బాబాయికి అందాలి. కొత్త షెడ్డు తెరిచేనాటికి వాకిట్లో నిలబడి ఉండాలి."

"సరే సర్."

"మన ముందు హాల్లో ఫోటో ఉంది చూడండి, దాన్ని చూసే చేయించా. ఊరికే ఒక మనిషి నిలబడితే ఏముంది? పనివాళ్ళంటే నాన్నకి ఎంత ప్రాణమో చూసినవాళ్ళకి తెలియాలి కదా."

ఆమె మెడ వెనక ఏదో పురుగు పాకినట్టయింది. పెద్దసారు విగ్రహం వస్తుందని ఆమెకి తెలుసు. ముఖాన్నీ పొట్టనీ బూట్లనీ కోయడానికి మనసు గట్టి చేసుకునే ఉంది. ఆ ఫోటో చూసి చేయించారని తెలియదు.

ఫైలు తెరిచింది.

బూడిదరంగు తెర మధ్యలో బూడిదరంగు మనిషి. కొద్దిగా ముందుకి వంగి నిలబడ్డాడు. అతని ముందు స్టూలు మీద ఒక పిల్ల, ఎదురుగా బల్ల. అతని కుడి చెయ్యి ఆ పిల్ల కుడి భుజం మీద ఉంది. ఫోటోలో పిల్ల ముఖం అవతలికి తిరిగి ఉంటుంది కాబట్టి, ఇక్కడ పెట్టిన ముఖం ఎవరిదీ కాదు. శిల్పులు ఆడపిల్ల అనగానే చేసే ముఖం, గుండ్రని చెంపలు, చిన్న నవ్వు. కానీ జడ తనది. వీపు వంపు తనది. ఆ చేతి నుంచి ఎడమవైపుకి తప్పుకుంటున్న మెడ తనది.

"బాగుందా?" అన్నాడు చిన్నసారు.

"పని చాలా ఉంది సర్," అంది.

అతను వెళ్ళిపోయాడు. అతని సుగంధం మాత్రం కుర్చీని పట్టుకుని కాసేపు ఉండిపోయింది.

ఆమె కింద నుంచి మొదలుపెట్టింది, బూట్ల దగ్గర. ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒక్కో అడ్డగీత గీసి, కోసి, ఆ ముక్కని పక్కన పెట్టి మళ్ళీ గీసేది. ఒక గుర్రానికి వారం పట్టింది. తర్వాత తెలిసింది, గాజు పలకల్లాంటి తలాలను సమదూరంలో వరసగా నిలబెట్టి, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని పరిచి, అన్నిటినీ ఒకేసారి పట్టుకుని ఒక్క మీట నొక్కితే, సబ్బు కడ్డీని దారాల వల మీద నొక్కినట్టు ముద్ద మొత్తం ముక్కలైపోతుందని. అయితే ముద్ద మరీ పెద్దదైతే కంప్యూటరు గుడ్లు తేలేస్తుంది. ముందు నాలుగైదు పెద్ద తుంటలు చేసుకుని, ఆ తుంటల్ని ఒక్కొక్కటిగా వలలో వేయాలి. తలం చెవి అంచునో వేలి కొసనో రాసుకుంటూ పోయిందంటే గోరంత పెచ్చు ఒకటి విడిగా ఊడి వస్తుంది. అది మిషనుకి పనికిరాదు, అతకడానికీ రాదు. అలాంటిచోట తలాన్ని కాస్త అటో ఇటో జరపాలి. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. ఓపిక ఉంటే చాలు. ఆమెకి ఓపిక తప్ప మరేమీ లేదని ఇంట్లో ఆమె సొంత అక్క అంటూ ఉండేది.

బూట్లు కోసింది. పంట్లాం మడతలు కోసింది. పొట్ట దగ్గర శిల్పి మొహమాటపడ్డాడు, ఉన్నదాంట్లో సగమే పెట్టాడు. గొంతు కింద వేలాడే చర్మాన్ని నున్నగా చేసేశాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి తెరని తిప్పక తప్పలేదు. ముక్కు రంధ్రాలు రెండూ పిడికిలంత పెద్దవిగా ఎదురొచ్చాయి. అందులో వెంట్రుకలు లేకపోయినా ఆమె కంటికి కనిపించాయి. పెదాల మధ్య తడి లేకపోయినా కనిపించింది. నోట్లోకి నీళ్ళూరితే మింగలేక, లేచి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూసే అవకాశం బతికున్నప్పుడు ఎప్పుడూ రాలేదు. అతను ఎప్పుడూ వెనక నుంచే వచ్చేవాడు.

ఆమె పనిలో చేరేనాటికి ఇరవై దాటాయో లేదో. తల్లిదండ్రులు లేరు. పెంచిన అక్క నర్సు పని చేస్తూ చెల్లెలికి డ్రాయింగు నేర్పించింది. కార్ఖానాకి మొదటి కంప్యూటరు వచ్చిన నెలలోనే ఉద్యోగం వచ్చింది. పెద్దసారు రోజుకి రెండు మూడుసార్లు కుర్చీ వెనక్కి వచ్చి నిలబడేవాడు. "ఏదీ, ఎంతదాకా వచ్చింది?" అని వంగి తెరలోకి చూసేవాడు. చూస్తూ చెయ్యి భుజం మీద వేసేవాడు. అది ఎప్పుడూ చెమ్మగా ఉండేది. ఆరని గుడ్డని మడిచి పెడితే వచ్చే ముక్క వాసన, దాంతోపాటు దగ్గు బిళ్ళల ఘాటు. నాలుగు వేళ్ళూ కదిలేవి కావు. బొటనవేలు మాత్రం చొక్కా మెడపట్టీ లోపల, మెడా భుజమూ కలిసే చోట, మెల్లిగా అటూ ఇటూ తిరిగేది. నోటితో మాత్రం ఏనుగు తొండం గురించో పడవ తెరచాప గురించో మాట్లాడుతూనే ఉండేవాడు. అడిగినదానికి ఆమె జవాబు చెబుతూనే ఉండేది.

అంతకుమించి ఏమీ చేయలేదు. చేయలేదు కాబట్టి చెప్పుకోవడానికీ ఏమీ లేకుండా పోయింది. ఒకరోజు ధైర్యం చేసి అక్కతో చెబితే, పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన ఆ మనిషి కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చుని, "భుజం మీద చెయ్యేగా? పెద్దాయన. కాస్త జరిగి కూర్చో," అంది. ఆమె జరిగి కూర్చుంది. కుర్చీ జరిగినంత మేరా చెయ్యి కూడా జరిగింది. అలా పద్దెనిమిదేళ్ళు. చివరికి మోకాళ్ళు పట్టేసి అతను మేడ ఎక్కడం మానేశాకే భుజం ఖాళీ అయింది. అయినా వెనక అడుగుల చప్పుడైతే ఈనాటికీ ఆమె మెడ దానంతటదే ఎడమవైపుకి వాలుతుంది.

ఇప్పుడు తెరమీద భుజం దగ్గరికి వచ్చింది. స్కానులో చెయ్యీ భుజమూ ఒకదానిలో ఒకటి కరిగి ఒకే ముద్దగా వచ్చాయి. ఎక్కడ అతను అయిపోతాడో, ఎక్కడ ఆమె మొదలవుతుందో గీత లేదు. తలం ఎటు నుంచి పోవాలో చూడటానికి బొమ్మను తిప్పింది. పైనుంచి చూసింది. వెనక నుంచి చూసింది. దగ్గరికి లాగింది.

బొటనవేలు మెడపట్టీ లోపల ఉంది.

శిల్పి తప్పేమీ లేదు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు దించాడు. మెడపట్టీ గుడ్డ ఆ వేలి మీద చిన్న గుడారంలా లేచి ఉండటం కూడా వదల్లేదు. ఇన్నేళ్ళూ ఆ ఫోటో ముందు హాల్లో వేలాడింది. వచ్చినవాళ్ళందరూ దాని కిందే కూర్చుని కాఫీలు తాగారు. కళ్ళున్నవాళ్ళెవరికైనా కనిపించేదే. ఇప్పుడది ఇద్దరు మనుషుల ఎత్తున, పూత పూసుకుని, వాకిట్లో నిలబడబోతోంది.

ఆమె లేచి చిన్నసారు గదికి వెళ్ళింది. తలుపు దగ్గర కాసేపు నిలబడింది. నోట్లో మాట కూడదీసుకునేటప్పటికి చెమట పట్టింది.

"రండక్కా. అయిపోయిందా?"

"ఆ పిల్లని తీసేద్దాం సర్."

"ఏ పిల్ల?"

"స్టూలు మీద పిల్ల. పెద్దసారు ఒక్కరూ చాలు."

అతను నవ్వాడు. "అయ్యో, అసలు అందమే అది. చెయ్యి అలా వేయడంలోనే ఉంది మొత్తం. ఎవరో పాత స్టాఫు అనుకుంటా పాపం, ఎక్కడుందో ఏమో. మనం బొమ్మలో పెట్టామని తెలిస్తే పొంగిపోతుంది."

"ఆ పిల్ల నేనే సర్."

ఆమె ఎదురు చూసింది. వెనక్కి తీసుకోలేని మాట అనేశాననే భయమూ, ఇన్నేళ్ళకి అన్నాననే తేలికా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎందుకు తీసేయమంటున్నారు అని అతను అడుగుతాడు. అడిగితే చెబుతుంది. బొటనవేలు చూపిస్తుంది.

"మీరా?" అన్నాడు అతను. ముఖం విప్పారింది. "ముందే చెప్పకూడదా అక్కా? మీ ముఖమే పెట్టించేవాణ్ని. ఎవరిదో పెట్టేశాడు వాడు. అందుకా తీసేయమంటున్నారు? పోనీ ఇప్పుడు మార్పించనా?"

"అందుక్కాదు సర్."

"మొహమాటపడకండి. నాన్న చెయ్యి పడ్డ మనిషి ఇంకా మన దగ్గరే ఉందంటే, అబ్బ, తెరిచేరోజు మిమ్మల్ని బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటో తీయిద్దాం."

అతను అప్పటికే లేచి తలుపు దాటాడు. హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి అందరికీ చెప్పాడు. కుర్చీలు వెనక్కి జరిగాయి. జలుబు ముందుగా వచ్చి, ముక్కు తుడుచుకున్న చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఎన్నేళ్ళు దాచావక్కా? కోతల్లో నీ అంతటివాళ్ళు లేరు కానీ కోతలు కోయడం మాత్రం రాదు నీకు," అని తన మాటకి తనే నవ్వాడు. జీతాల గుమాస్తా వచ్చి, "అదృష్టవంతురాలివమ్మా, బతికుండగా విగ్రహం," అన్నాడు. అంటూ ఆప్యాయంగా ఆమె కుడి భుజం తట్టాడు. తట్టి, చెయ్యి అక్కడే ఉంచి, పక్కవాడితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆమె భుజం విదిలించుకుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. పొద్దున తిన్నదంతా వచ్చేసింది. కుళాయి కింద నోరు కడుక్కుంది. సబ్బు అందుకోబోతే దానికి ఎవరివో పొట్టి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మెత్తబడి, పసుపుపచ్చగా, నోటిలో నానిన దగ్గు బిళ్ళలా ఉంది. మళ్ళీ కక్కింది. ఈసారి నీళ్ళు మాత్రమే వచ్చాయి. అద్దంలో తన ముఖం చూసుకుంది. ఆ ముఖం మీద కూడా రోతే కలిగింది. పద్దెనిమిదేళ్ళు ఏనుగు తొండం గురించి జవాబులు చెప్పిన ముఖం.

ఎవరో తలుపు మెల్లిగా కొట్టారు.

"నేనే అక్కా. రంగులమ్మాయిని."

బొమ్మలకి పూత రంగులు ఎంచే మనిషి. ఇద్దరు పిల్లల తల్లి అయినా అందరికీ అమ్మాయే. గడియ తీశాక లోపలికి రాకుండా, తడి చేతిరుమాలు ఒకటి అందించింది. ఉతికిన వాసన వేస్తోంది.

"రంగుల కోసం నిన్న నాకూ ఫైలిచ్చారు," అంది. "చొక్కాకి ఒక రంగు, చేతికి ఒక రంగు వేస్తూ చూశా. ఆ బొటనవేలికి ఏ రంగు వేయాలో నాకర్థం కాలేదక్కా. వేయకుండా వదిలేశా."

కోతలక్క రుమాలు ముఖానికి అద్దుకుంది.

"నీకు కనిపించిందా?"

"కనపడదా మరి?"

రంగులమ్మాయి పక్కకి తప్పుకుని దారిచ్చింది. కోతలక్క వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. మీటలు తుడవలేదు.

అప్పటిదాకా వేసిన తలాలన్నీ పక్కన పెట్టింది. చదునైన తలంతో అయ్యే పని కాదు ఇది. భుజం వంపు వెంబడి, వేళ్ళ కింద నుంచి, ఒక్కో చుక్క పెట్టుకుంటూ గీత లాగింది. చిటికెనవేలు కింద నుంచి మొదలై, ఉంగరం వేలు, నడిమి వేలు, చూపుడు వేలు దాటి, మెడపట్టీ లోపలికి దిగి, బొటనవేలి చుట్టూ తిరిగి బయటికొచ్చింది. తెరలో ఆ సందులోకి దూరి చూస్తూనే చుక్కలు పెట్టింది. గీతలన్నీ కలిపి ఒక పల్చటి పొర పరిచింది. మీట నొక్కింది. కంప్యూటరు ఆలోచించింది. కాదంది. ఎక్కడో పొర అంచు కలవలేదు. మళ్ళీ వెతికింది. బొటనవేలి గోరు దగ్గర వెంట్రుకంత సందు. మూసింది. నొక్కింది.

ఒకే ముద్ద రెండైంది.

పిల్లని పట్టుకుని కాస్త ఎడమకి లాగి చూసింది. కదిలింది. ఇంకా లాగితే ఇంకా కదిలింది. చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. అలాగే బల్ల నుంచి, స్టూలు నుంచి కూడా పిల్లని విడదీసింది. అరచేతి అడుగున భుజం గుండ్రన అచ్చుపడి గుంటలా మిగిలితే, దాన్ని నున్నగా పూడ్చేసింది. తన అచ్చు అతని చేతిలో ఉండటానికి వీల్లేదు. మణికట్టు దగ్గర ఒక కోత పెట్టి ఆ చెయ్యినే ఎత్తేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. పెట్టలేదు. చెయ్యి అతనిది, అతని దగ్గరే ఉండనీ అనుకుంది.

పిల్ల తెర మధ్యలో ఒంటరిగా, గాలిలో కూర్చుని ఉంది. ఎవరిదో ముఖం, తన మెడ. ఆమె కాసేపు చూసి, చెరిపేసింది. మార్చిన ఫైలును పాతదానిమీదే భద్రం చేసింది. చిన్నసారు కావాలంటే రంగులమ్మాయి దగ్గరున్న ఫైలు తీసుకోవచ్చు, శిల్పి దగ్గరి మట్టిబొమ్మతో మళ్ళీ స్కాను చేయించుకోవచ్చు, మళ్ళీ ఎవరి చేతనైనా కోయించుకోవచ్చు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ ఎవరైనా తను కాదు, అంతే.

మిగతా పని మామూలుగా అయింది. తుంటలు చేసి, తలాల వల పరిచి, పెచ్చులు రాకుండా జరిపి, ముక్కలకి నంబర్లు వేసి షెడ్డుకి పంపింది. ఎండ తగ్గేటప్పటికి తనూ కిందికి దిగింది.

షెడ్డులోకి ఆమె ఏడాదికొకసారి కూడా రాదు. నురుగు పొడి గాలిలో తేలుతూ చెమటకి అంటుకుంటుంది, ముక్కుపుటాల్లో చేరుతుంది. జిగురు డబ్బాల మీద చచ్చిన ఈగలు. మూలన వారాల తరబడి ఎత్తని చెత్త. మిషను బాబాయి నోటికి గుడ్డ కట్టుకుని, కనుబొమలు తెల్లగా అయిపోయి నిలబడి ఉన్నాడు. ఆమె చేరేనాటికే అతను అక్కడ పాతకాపు. ఆ రోజుల్లో మిషను మేడమీద, ఆమె బల్లకి ఎదురుగానే ఉండేది.

"వచ్చావా తల్లీ?" అన్నాడు గుడ్డ కిందికి లాగి. "ముక్కలు తక్కువొచ్చాయి. ఇద్దరు మనుషులని చెప్పారు నాకు."

"అంతే బాబాయ్. ఒక్కరే."

అతను ఆమెకేసి చూశాడు. చూపు ముఖం మీదినుంచి భుజం మీదికి వెళ్ళి, అక్కడ ఆగలేక, మిషను మీదికి మళ్ళింది. గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు, పొడి పడినట్టు.

"వచ్చినవి కోస్తా," అన్నాడు. "రానివి నేను కోయను. ఎవరడిగినా అదే చెబుతా."

మిషను సన్నగా రొద పెడుతూ ఆగింది. ముందుగా పంపినది కాబట్టి ముందుగా స్టూలే తయారైంది. బాబాయి రెండు ముక్కలూ అతికి నేలమీద నిలబెట్టాడు. ఆమె నడుము ఎత్తుంది. పీట మధ్యలో లోతు లేని ఒక పల్లం ఉంది, ఎవరో చాలాసేపు కూర్చుని ఇప్పుడే లేచినట్టు. అరచేతి కింద పూడ్చింది కానీ, ఇది ఆమె చూసుకోలేదు.

"ఇక్కడ గుంట పడింది. పూడ్చెయ్యనా?" అన్నాడు బాబాయి.

ఆమె వంగి చూసింది. "వద్దు బాబాయ్. ఉండనీ. అక్కడ కూర్చుని పని చేశాను కదా."

గేటు దగ్గర చిన్నసారు కారు ఎక్కుతూ ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"సర్, రేపటి నుంచి నేను రాను."

అతను ఫోను చెవి నుంచి తీయకుండానే తలూపాడు. "తీసుకోండక్కా, రెండ్రోజులు రెస్టు తీసుకోండి. ఫోటో రోజుకి మాత్రం వచ్చెయ్యాలి," అని తలుపు వేసుకున్నాడు. కారు కదిలాక దాని పొగ తన చొక్కాకి పట్టకుండా ఆమె పక్కకి తప్పుకుంది.

రోడ్డు మీదికి వచ్చి అక్కకి ఫోను చేసింది. అక్క ఇప్పుడు డ్యూటీలు మానేసి ఇంట్లోనే ఉంటోంది. చెవుడు వచ్చింది కాబట్టి గట్టిగా మాట్లాడాలి.

"అక్కా, పని మానేశాను."

"ఎందుకే? ఏమైంది?"

"ఆ చెయ్యి."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. అక్క ఎవరి చెయ్యి అని అడగలేదు.

"ఆయన పోయాడు కదే," అంది చివరికి.

"పోలేదక్కా. పొద్దున మళ్ళీ వచ్చాడు."

అక్క గొంతు మళ్ళీ వచ్చేటప్పటికి అది ముసలి గొంతులా ఉంది.

"ఆ రోజు నేను నిన్ను జరిగి కూర్చోమన్నాను."

"ఊఁ."

"వచ్చెయ్, ఇంటికి వచ్చెయ్. నీళ్ళు కాచి పెడతా, తలారా స్నానం చేద్దువుగాని."

కోతలక్క ఫోను సంచిలో వేసుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. వెనక ఎవరివో అడుగులు వచ్చాయి, దాటి ముందుకి వెళ్ళిపోయాయి. మెడ ఎడమవైపుకి వాలింది. ఆమె దాన్ని నిటారుగా లాక్కుంది.

షెడ్డులో మిషను బాబాయి తర్వాతి దిమ్మ ఎత్తి పెట్టాడు, బూట్లున్న దిమ్మ. మిషను మళ్ళీ రొద మొదలుపెట్టింది. తెల్లటి పొడి లేచి, గోడలమీదా జిగురు డబ్బాలమీదా పడుతూ, తలుపు పక్కన ఒంటరిగా ఉన్న స్టూలు మీద, పీట మధ్య ఉన్న ఆ చిన్న పల్లంలో కొంచెం కొంచెంగా నిలిచింది.